సరిసమానం మహారాజు పడవ

అనగా అనగా ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఒక రాజు. ఇంతవరకూ మీరు విన్న కథల్లాంటిదే. ఇక్కణ్ణుంచి మాత్రం కాస్త దగ్గరికి జరిగి వినండి. ఎందుకంటే ఆ రాజుగారికి ఒక జబ్బు ఉంది. జ్వరమో దగ్గో కాదు, సరిసమానం జబ్బు.

ఆయన అసలు పేరు ధర్మకేతుడు. ఆ పేరు చాలామంది మరిచిపోయారు. ఊరూ వాడా ఆయన్ని 'సరిసమానం మహారాజు' అనేవాళ్ళు. ఆయన దగ్గర రెండు ఏనుగులుండేవి. ఆడ ఏనుగు పేరు నల్లమబ్బు, మగ ఏనుగు పేరు తెల్లకొమ్ము. నల్లమబ్బుకు ఒక చెరుకు గడ పడితే తెల్లకొమ్ముకూ ఒక గడ పడాల్సిందే. ఒకసారి నల్లమబ్బు కాలికి ముల్లు గుచ్చుకుంటే రాజుగారు కట్టు కట్టించాడు. ఏ ముల్లూ గుచ్చుకోని తెల్లకొమ్ము కాలికి కూడా కట్టించాడు.

"నాకెందుకే ఈ కట్టు?" అని అడిగింది తెల్లకొమ్ము.

"నీకు అన్యాయం జరగకూడదట. నోరు మూసుకుని కుంటు" అంది నల్లమబ్బు.

ఆ రోజుల్లో ఏనుగులు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయేమో, ఆగి వినే ఓపిక మనకే లేదు.

రాజధాని పేరు కోటరేవు. ఏటికి ఎగువన ఉన్న సగం ఊరు ఎగువపేట, దిగువన ఉన్న సగం దిగువపేట. రెండు పేటలకూ ఉప్పూ నిప్పూ. ఒక పేటలో బావి తవ్విస్తే రెండో పేటలోనూ అంతే లోతు బావి తవ్వించేవాడు రాజు, నీళ్ళు పడ్డా పడకపోయినా. అందుకే రెండు పేటలవాళ్ళూ ఆయన్ని మెచ్చుకునేవారు. ఇందులో తప్పేముంది అంటారా? పంచిపెట్టే చోట తప్పేమీ లేదు. కానీ మనుషులకు ఒక మంచి గుణం ఉంటే, దాన్ని పనికిరాని చోట కూడా వాడేదాకా నిద్రపట్టదు కదా!

ఏటి నడుమ, ఊరికి కాస్త దిగువన, ఒక లంక ఉండేది. ఎండాకాలం నీళ్ళు తగ్గగానే కొన్ని కుటుంబాలు ఆ లంకకు వెళ్ళి గుడిసెలు వేసుకుని దోసపాదులూ పుచ్చపాదులూ పెట్టుకునేవి. వానలు పడి ఏరు పొంగేలోపు పడవెక్కి తిరిగి వచ్చేసేవి.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. ఊళ్ళో చినుకు లేదు గానీ ఎక్కడో పైన కొండల మీద కుండపోత. పొద్దున్నే చూసేసరికి ఏటి నీళ్ళు ఎర్రగా మారి, సుళ్ళు తిరుగుతూ, చెట్ల కొమ్మల్ని ఈడ్చుకుంటూ వస్తున్నాయి. లంకకూ ఊరికీ తిరిగే పాత పడవ ఒక్కటే ఉంది. అది చివికిపోయిన పడవ. నాంచారమ్మను ఈ ఒడ్డున దింపిందో లేదో, అడుగు చెక్క ఊడి బుడుంగున మునిగిపోయింది.

నాంచారమ్మ లంక మీద పాదులు పెట్టుకునే మనిషి. ఆమె కూతురు ఆదెమ్మకు నెలలు నిండాయి. కాన్పుకు కావలసిన శొంఠీ మిరియాలూ, నాలుగు మెత్తటి పాత చీరలూ తెచ్చుకుందామని నాంచారమ్మ ఊళ్ళోకి వచ్చింది. "ఇలా వెళ్ళి అలా వచ్చేస్తానే" అని కూతురికి చెప్పి మరీ వచ్చింది. ఇప్పుడు మూట తన చంకలో ఉంది, కూతురు ఏటి నడుమ ఉంది. ఆ తల్లికి కాలు నిలిచేదెలా? ఒడ్డున ఆ చివరికి వెళ్ళేది, ఈ చివరికి వచ్చేది. లంక మీద నుంచి ఎవరో పసుపు చీర చెంగు ఊపుతుంటే, అది ఆదెమ్మేనని గుర్తుపట్టి గుండె బాదుకునేది.

అదృష్టం కొద్దీ ఒక కొత్త పడవ సిద్ధంగా ఉంది. ఒడ్డున దుంగల మీద, ముక్కు ఏటివైపు పెట్టుకుని కూర్చుంది. ఏనుగంత ఎత్తు, ఇల్లంత పొడుగు. కాస్త దూరం జరిపి నీళ్ళలోకి దించితే చాలు. పడవ నడిపేవాళ్ళు నలుగురు పొడవాటి గెడలు పట్టుకుని అప్పుడే దాంట్లోకి ఎక్కి కూర్చున్నారు.

కానీ ఆ ఊరికొక ఆచారం ఉంది. కొత్త పడవ ముక్కుకు కట్టిన మోకును ఏ పేటవాళ్ళు పట్టుకుని నీళ్ళలోకి లాగుతారో, ఆ పేటకే మొదటి తాంబూలం.

"మోకు మాది!" అన్నాడు ఎగువపేట పెద్ద కొండలరాయుడు.

"మీదెలా అవుతుందయ్యా? ఈసారి మాది!" అన్నాడు దిగువపేట పెద్ద సింగరయ్య.

నాంచారమ్మ మధ్యలో దూరి, "అయ్యా, ఎవరో ఒకరు లాగండయ్యా, మీకు పుణ్యముంటుంది" అని చేతులు జోడించింది. ఇద్దరూ ఆమెను పక్కకు జరిపి మళ్ళీ అరుచుకున్నారు.

విషయం రాజుగారి దాకా వెళ్ళింది. ఆయన రెండు ఏనుగుల్నీ వెంటబెట్టుకుని పరుగుపరుగున వచ్చాడు. గొడవంతా విన్నాడు. ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి మొహం వెలిగిపోయింది.

"ముక్కు మోకు ఎవరికీ వద్దు! పడవకు ఈ పక్కన ఒక మోకు, ఆ పక్కన ఒక మోకు కట్టండి. ఎగువపేటవాళ్ళు ఎగువకు లాగండి. దిగువపేటవాళ్ళు దిగువకు లాగండి. ఇటు ఎంతమందో అటూ అంతమంది. ఇటొక ఏనుగు, అటొక ఏనుగు. ఇద్దరికీ సరిసమానం!"

"ఆహా!" అన్నాయి రెండు పేటలూ.

మంత్రి ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. కొలువులో ఎక్కువకాలం నిలబడినవాళ్ళకు ఆ విద్య బాగా వస్తుంది.

మోకులు బిగిశాయి. "హైలెస్సా!" అన్నారు ఎగువపేటవాళ్ళు. "హైలెస్సా!" అన్నారు దిగువపేటవాళ్ళు. మెడనరాలు ఉబ్బాయి, మడమలు ఇసుకలో దిగబడ్డాయి. పడవ గజగజ వణికింది. వణికి, ఉన్నచోటనే ఉంది.

ఆ చివర నుంచి తెల్లకొమ్ము కేక వేసింది. "ఏమే, నువ్వు లాగుతున్నావా లేదా?"

"ప్రాణం పోయేలా లాగుతున్నాను. నువ్వు?"

"నేనూ అంతే!"

"మరి పడవ ఎందుకు కదలటం లేదు?"

"ఏమో, బరువెక్కువేమో!" అంది తెల్లకొమ్ము. పాపం, తాము ఒకరి కష్టాన్ని ఒకరు తినేస్తున్నామని రెండింటికీ తట్టలేదు.

ఏరు ఇంకాస్త పెరిగింది. లంక చివరి దోసపాదులు నీళ్ళలో కలిసిపోయాయి. మనుషులు గుడిసెలు వదిలి నడుమ ఉన్న ఇసుక దిబ్బ మీదికి ఎక్కుతున్నారు. పసుపు చీర చెంగు ఇంకా ఊగుతూనే ఉంది.

రాజుగారు ఒడ్డున అటూ ఇటూ పచార్లు చేశాడు. "బలం చాలలేదు. ఇంకా జనాన్ని పిలవండి!"

"ఎంతమందిని ప్రభూ?"

"ఎంతమందినైనా పిలవండి. ఇటు ఎంతమందిని పెడితే అటూ అంతమందిని పెట్టండి. అది మాత్రం మరిచిపోవద్దు!"

వంటశాల నుంచి వంటవాళ్ళు వచ్చారు, చేతులకు పిండి అంటుకునే ఉంది. బాజాలవాళ్ళు డోళ్ళు కింద పెట్టి వచ్చారు. మగ్గాల మీది నుంచి నేతగాళ్ళు లేచి వచ్చారు. సగం ఇటు, సగం అటు. మళ్ళీ "హైలెస్సా!" మోకులు కీచుమన్నాయి. పడవ పై అంచు చెక్క ఒకటి టప్పున చిట్లింది. లోపలున్న గెడలవాళ్ళు హడలిపోయి, "ఆపండి బాబో, పడవను రెండు ముక్కలు చేసి చెరొకటీ పట్టుకెళ్ళేలా ఉన్నారు!" అని అరిచారు. ఇంతా చేస్తే పడవ జానెడు కూడా జరగలేదు.

ఇక నాంచారమ్మకు ఓపిక నశించింది. భయమూ పోయింది. అడ్డొచ్చిన భటుణ్ణి మోచేత్తో తోసి, నేరుగా రాజుగారి ముందుకు వచ్చి నిలబడింది.

"మారాజా! ఒక్కసారి మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

ఆయన తెల్లబోయి చెయ్యి ఇచ్చాడు. ఆమె ఆయన ఎడమచేతిని గట్టిగా పట్టుకుంది.

"మంత్రిగారూ, మీరు ఆ చెయ్యి పట్టుకోండి. నేనిటు లాగుతాను, మీరటు లాగండి. నేనెంత లాగితే మీరంత. సరిసమానంగా లాగాలి సుమండీ!"

మంత్రి బిక్కమొహంతో పట్టుకున్నాడు. ఇద్దరూ లాగారు. రాజుగారి చేతులు బారచాచినట్టు సాగాయి, మొహం ఎర్రబడింది.

"లాగుతున్నామా మారాజా?"

"లాగుతున్నారు! అబ్బా!"

"మరి కదిలారా?"

"లేదు!"

"అయితే ఇంకా జనాన్ని పిలవమంటారా? ఇటొక పదిమందినీ, అటొక పదిమందినీ?"

"వద్దు వద్దు! చేతులూడి వచ్చేస్తాయి!"

"మంత్రిగారూ, ఆ చెయ్యి వదిలేసి నా వెనక్కి వచ్చి, నా నడుం పట్టుకుని లాగండి."

మంత్రి వచ్చి లాగాడు. రాజుగారు ఒక్క ఉదుటున ముందుకు తూలి, ఏటివైపు నాలుగడుగులు పరిగెత్తి, కిరీటం కళ్ళ మీదికి జారి ఆగాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుగారు నవ్వలేదు. కిరీటం పైకి తోసుకుని పడవను చూశాడు, మోకులను చూశాడు, తన రెండు చేతులను చూసుకున్నాడు.

"అర్థమైంది" అన్నాడు మెల్లగా. "ఇంత బలమూ ఉంది. ఒకదాన్నొకటి చంపుకుంటోంది." అంతలోనే మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. "కానీ నాంచారమ్మా, ముక్కు మోకు ఒక పేటకిస్తే రెండోవాళ్ళకు అన్యాయం కదా?"

"ఒకే మోకు ఇద్దరూ పట్టుకోండయ్యా! ఎవరు ముందు, ఎవరు వెనక అని తర్వాత తన్నుకు చావండి. నా బిడ్డ బతికి ఒడ్డుకొచ్చాక తన్నుకోండి!" అని ఆమె భోరున ఏడ్చింది.

కొండలరాయుడు తల వంచుకున్నాడు. సింగరయ్య తన పేటవాళ్ళ మోకు తానే విప్పాడు. రెండు మోకులనూ కలిపి ముడేసి, ఒక్కటే పొడవాటి మోకు చేసి పడవ ముక్కుకు కట్టారు. పట్టుకోగా మిగిలిన కొస ఒడ్డున ఇసుక మీదే పడి ఉంది. రెండు పేటలవాళ్ళూ నడుంలోతు నీళ్ళలోకి దిగి, ఒకడి భుజానికి ఒకడు ఆనుకుని పట్టుకున్నారు. ఏనుగులు రెండూ పడవ వెనక్కి వెళ్ళి తలలు ఆనించాయి.

"హైలెస్సా!" ఈసారి అరుపు ఒక్కటే.

దుంగలు కిర్రుమన్నాయి. పడవ బెత్తెడు జరిగింది. మూరెడు జరిగింది. ఆ తర్వాత ఇక మూరలు లెక్కపెట్టే వ్యవధి లేదు. దడదడమని దుంగల మీద దొర్లి, జనం చెరో పక్కకు దూకి తప్పుకునేసరికి ధబేలున నీళ్ళలో పడింది. సంతోషం పట్టలేక అందరూ మోకు వదిలేసి చప్పట్లు కొట్టారు.

అదే వాళ్ళు చేసిన పొరపాటు. పడవ ఆగలేదు. ఎవరూ లాగటం లేదు, ఎవరూ తొయ్యటం లేదు, అయినా పోతోంది.

"ఎవర్రా దాన్ని లాగుతున్నది?" అని గుడ్లు తేలేశాడు కొండలరాయుడు.

"లాగేవాళ్ళెందుకయ్యా? ఆపేవాళ్ళు లేరు, పోతోంది!" అని అరిచింది నాంచారమ్మ. "మోకు! మోకు పట్టుకోండి!"

అప్పటికే పడవ ప్రవాహంలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఏరు దాన్ని లాగుతోంది, వేగం క్షణక్షణానికీ పెరుగుతోంది. గెడలవాళ్ళు గెడలు వేస్తే అడుగు అందటం లేదు. మోకు కొస ఇసుక మీద సర్రున జారిపోతోంది. రాజుగారు ఆలోచించలేదు. పట్టుబట్టల సంగతి మరిచి మోకు మీద బోర్లా పడ్డాడు. మోకు ఆగలేదు గానీ ఆయన్ని కూడా ఇసుకలో బరబరా ఈడ్చుకుపోయింది. కిరీటం ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.

నల్లమబ్బు ఘీంకరించి వచ్చి తొండంతో మోకు చుట్టేసింది. అదీ జారింది. "రారా, నావైపు రా! ఎదురుగా కాదు, నా వెనక!" అని అరిచింది. తెల్లకొమ్ము వచ్చి దాని వెనక మోకు పట్టింది. తర్వాత కొండలరాయుడు, సింగరయ్య, వంటవాళ్ళు, బాజాలవాళ్ళు. పడవ వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. ముక్కు ఎగువకు తిప్పుకుని, నీళ్ళ మధ్య ఊగుతూ నిలబడింది.

రాజుగారు లేచాడు. అరచేతులు ఒరుసుకుపోయి నెత్తురు కనిపిస్తోంది. వాటితోనే మళ్ళీ మోకు పట్టుకున్నాడు, అందరికంటే ముందు.

"వినండి! ఏరు దిగువకు లాగుతోంది, మనం ఎగువకు లాగుతున్నాం. ఏటికంటే కాస్త తక్కువ లాగుదాం. మోకు మెల్లమెల్లగా వదలండి."

కొంచెం కొంచెంగా వదిలారు. పడవ వెనక్కి వెనక్కి జారుతూ, లోతు తగ్గిన చోట గెడలవాళ్ళు అడుగు అందుకుని దారి మళ్ళిస్తుంటే, లంక దిబ్బ పక్కకు చేరింది.

"ఇప్పుడు ఏటితో సమానంగా పట్టండి! ఎక్కువా వద్దు, తక్కువా వద్దు!"

పడవ అక్కడ నిలిచింది. దిబ్బ మీది నుంచి పడవలోకి ఒక బల్ల వేశారు. పిల్లలు ఎక్కారు, ముసలివాళ్ళు ఎక్కారు, మేకల్ని ఎత్తి వేశారు. అప్పటికే ఆదెమ్మకు నొప్పులు మొదలయ్యాయి. అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. మొగుడు పట్టుకుని నడిపిస్తుంటే అందరికంటే చివర బల్ల మీద కాలు పెట్టింది. దిబ్బ చుట్టూ నీళ్ళు చీలమండల దాకా వచ్చేశాయి.

సరిగ్గా అప్పుడే పైనుంచి కొత్త వరద తోసుకొచ్చింది. పడవ ఒక్క కుదుపుతో దిగువకు జారబోయింది. బల్ల గీరుకుంది. ఆదెమ్మ ఆ బల్ల నడుమ ఉంది. ఒడ్డున నాంచారమ్మ మోకు పట్టుకున్నదల్లా కళ్ళు గట్టిగా మూసుకుంది.

రాజుగారికి ఆ కుదుపు కళ్ళకంటే ముందు అరచేతులకు తెలిసింది. "ఏరు బలం పెంచింది! మనమూ పెంచాలి! రండి, ఇంకా రండి!"

ఒడ్డున చూస్తూ నిలబడ్డ ఆడవాళ్ళంతా కొంగులు నడుముకు చుట్టి వచ్చి పట్టుకున్నారు. ఏ పేట ఆడవాళ్ళో ఎవరూ అడగలేదు. ఏనుగులు మోకాళ్ళ మీద కూలబడి మరీ పట్టాయి. చెమటలు కారుతున్నాయి, కాళ్ళు వణుకుతున్నాయి, ఊపిరి బిగబట్టారు. అక్కడ పడవ మాత్రం గట్టి నేల మీద ఉన్నట్టు నిశ్చలంగా ఉంది. ఆదెమ్మ ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి, పడవ అంచు పట్టుకుని, లోపలికి దిగింది. వెనకే ఆమె మొగుడు దూకాడు.

"ఇక ఏటికంటే ఎక్కువ!" అని రాజుగారు గొంతు చించుకుని అరిచాడు. "లాగండి!"

పడవ ఏటికి ఎదురీదుతూ, బెత్తెడు బెత్తెడుగా, మూరెడు మూరెడుగా ఒడ్డుకు వచ్చింది. అది ఇసుకను తాకేసరికి, అటు చూస్తే లంక లేదు. ఎర్రనీళ్ళే ఉన్నాయి.

నాంచారమ్మ కూతుర్ని కావలించుకుంది. మాట్లాడే తీరిక లేదు. ఆడవాళ్ళు నాలుగు చీరలు అడ్డం పట్టారు. కాసేపటికి ఆ చీరల వెనక నుంచి పసిబిడ్డ ఏడుపు కేర్‌మని వినిపించింది. ఒడ్డున ఉన్నవాళ్ళు ఏడుస్తూ నవ్వారు.

రాజుగారు అరచేతులకు గుడ్డ చుట్టించుకుంటూ ఇసుకలో కూలబడి ఉన్నాడు. నాంచారమ్మ బయటికి రాగానే ఆమెను దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, నాకొక సంగతి తేలటం లేదు. పొద్దున ఈ జనమే, ఈ ఏనుగులే, ఇంత కష్టపడే లాగారు. పడవ కదలక నిలబడితే నాకు తలకొట్టేసినట్టయింది. ఇందాకా అంతే కష్టపడి లాగారు, పడవ అలాగే కదలక నిలబడింది. దానికి నా ప్రాణం లేచి వచ్చింది. రెండూ నిలబడటమే కదా, తేడా ఎక్కడుంది?"

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది.

"పొద్దున మీరు ఒకరితో ఒకరు సరితూగారు మారాజా. ఇందాక అందరూ కలిసి ఏటితో సరితూగారు."

పిల్లలూ, బలం ఎంత ఉన్నా అది ఎటు లాగుతోందో చూసుకోవాలి: కదలవలసిన పనికి అందరూ ఒకే వైపు చేరాలి, నిలబడవలసిన చోట అందరూ కలిసి ఎదురొచ్చే బలానికి సరితూగాలి.